అటువైపు ఆర్డరు

పొద్దున ఎనిమిదింటికి బావ ఫోన్ చేశాడు. "మీ అక్క నిన్నే అడుగుతోందిరా, ఓసారి వచ్చి చూసిపో."

అక్క ఉన్న ఆస్పత్రి ఊరికి ఆ చివర, పోను ఇరవై రెండు కిలోమీటర్లు. ఇళ్లకు భోజనాలు చేరవేసే అతని బండిలో ఆ రోజుకి పోయించింది రెండు లీటర్ల పెట్రోలు. ఊరికే పోయొస్తే సగం అయిపోతుంది. ఖాళీగా తిరిగిన దూరానికి యాప్ పైసా ఇవ్వదు.

అటువైపు ఆర్డరు పడితే పోదామనుకున్నాడు. పడ్డవన్నీ ఇటువైపే. పల్లంలో ఇంజను ఆపి బండిని జారనిస్తూ, ఇదిగో పడుతుంది, అదిగో పడుతుంది అనుకుంటూనే మధ్యాహ్నం చేశాడు. రెండున్నరకి, ఆస్పత్రి వెనక వీధికే పడింది. ప్రాణం లేచొచ్చింది. ఆ పొట్లం ఇచ్చేసి మెట్లు పరుగున ఎక్కాడు.

అక్క కళ్లు మూసుకుని ఉంది.

"ఒంటిగంట దాకా మాట్లాడిందిరా," అన్నాడు బావ. "తలుపు చప్పుడైనప్పుడల్లా నువ్వేనేమోనని చూసింది. ఎక్కడ చిక్కుకుపోయావు?"

"ట్రాఫిక్, బావా."

అక్క చెయ్యి పట్టుకున్నాడు. వెచ్చగానే ఉంది. చిన్నప్పుడు వెనకాలే పరుగెడుతూ తన సైకిల్ సీటు పట్టుకున్న చెయ్యి. పిలిచాడు, మళ్లీ పిలిచాడు, పలకలేదు. జేబులో ఫోను మోగింది. తనుండే పేట వైపే ఆర్డరు. ఫోను ఆపేసి అక్కడే కూర్చున్నాడు.

మర్నాడు తెల్లారకుండానే అక్క పోయింది. ఆ రోజు అతను ట్రాఫిక్‌లోనే చిక్కుకున్నాడని బావ ఇప్పటికీ అందరికీ చెబుతుంటాడు. అతను తల దించుకుని వింటాడు.