మాజీ చైర్మన్ మీద నేను రాసిన రెండు రిపోర్టులు

పోలీసు శాఖలో స్పెషల్ బ్రాంచికి మారి నేను తమిళనాడులోని రాజపాళయంలో చేరినది రిటైర్మెంటుకు ఆరేళ్ల ముందు, ఒక చిత్తిరై నెల ఎండల్లో. ర్యాంకు స్పెషల్ సబ్ ఇన్‌స్పెక్టర్. హెడ్ కానిస్టేబుల్‌గా ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకు ఇచ్చే హోదా అది. అయినా జనం పాత అలవాటుతో, హెడ్ కానిస్టేబుల్‌ను పిలిచినట్టే 'ఏట్టయ్యా' అని పిలిచేవారు. స్పెషల్ బ్రాంచిలో యూనిఫాం ఉండదు. టీ కొట్లలో, మార్కెట్లో కూర్చుని జనం ఏమనుకుంటున్నారో విని, సాయంత్రం ఆరులోగా డీఎస్పీకి రాసి పంపాలి.

ఆ ఏడే అప్పటి మున్సిపల్ చైర్మన్ ఓడిపోయారు. పాత బస్టాండు వీధిని వెడల్పు చేయడానికి ఆయన రెండు పక్కలా ఉన్న చిన్న అంగళ్లను తీయించారు. ఓడిన రోజు ఎవరో ఆయన ఇంటి గేటుకు పేడ కొట్టారు. పూల అంగడి పోగొట్టుకున్న కృష్ణమ్మాళ్ నడివీధిలో నిలబడి, "ఈ వీధిలో మళ్లా కాలు పెట్టనీ, చెప్పుతో కొట్టకుంటే అడుగు!" అని అరిచింది. ఆ మాటను నేనే ఫైల్లోకి ఎక్కించాను. ఆయన మదురైలో కూతురింటికి వెళ్లిపోయారు.

నాలుగేళ్ల తర్వాత అదే వీధి మండపంలో ఒక పెళ్లికి ఆయన వస్తున్నారని తెలిసింది. గలాటా అవుతుందా కాదా, ఒక్క మాటలో రాసిమ్మని డీఎస్పీ అడిగారు. కాదని రాసి, ఏదైనా జరిగితే మెమో నాకే వస్తుంది. ఊళ్లోకి వెళ్లి మళ్లీ వినే ధైర్యం కూడా చేయలేదు. పాత ఫైలు తిరగేసి, 'అవుతుంది' అని రాశాను. బందోబస్తు వేశారు.

ముహూర్తం రోజు ఉదయం ఏడున్నరకే వీధి నిండిపోయింది. తళవాయిపురం బస్సు దిగినవాళ్లు కూడా కదలకుండా నిలబడిపోయారు. కేకలు లేవు. ఆ నిశ్శబ్దమే నన్ను ఎక్కువ భయపెట్టింది. మలుపులో కారు ఆపి, మండపం దాకా కిందికి దిగవద్దని ఆయనను బతిమాలాను.

"వద్దప్పా. నేను వెడల్పు చేసిన వీధి ఇది. నడిచే పోతా," అంటూ ఆయన చేతికర్ర ఊతంతో దిగారు.

పాతిక అడుగులు వేశారో లేదో, జనంలోంచి కృష్ణమ్మాళ్ వచ్చింది. కుడిచెయ్యి కొంగు కింద ఉంది. మహిళా కానిస్టేబుళ్లు దూరంగా, మండపం దగ్గర ఉన్నారు. ఆమె చెయ్యి నేను పట్టుకుంటే, ఆడమనిషి మీద చెయ్యి వేశాడని అక్కడే గలాటా మొదలవుతుంది. పట్టుకోకపోతే ఏమవుతుందో తెలియదు. ఇద్దరి మధ్యకూ వెళ్లి నిలబడ్డాను.

ఆమె నన్ను పక్కకు జరగమని సైగ చేసి, కొంగు కిందినుంచి మడత పెట్టిన కాగితం తీసింది. అది అర్జీ, అక్కడివాళ్ల మాటలో 'మను'.

"చేర్మన్ అయ్యా, నా కొత్త అంగడి ముందర సాక్కడ కాలవ నీళ్లు నిలిచి కంపు కొడతా ఉండాయి. మూడు మాట్లు మనువిచ్చినా. ఎవురూ చూళ్లేదు."

"నేనిప్పుడు చేర్మన్ కాదు కదమ్మా."

"తెలుసు. నువ్వుండేప్పుడు తిట్టేదానికైనా వాకిట్లో మనిషి దొరుకుతా ఉండె. ఇప్పుడుండేవాళ్లు గేటే తీయరు. నువ్వు సదివితే సాలు."

ఆయన కళ్లజోడు పెట్టుకుని, ఎండలో నిలబడి మొత్తం చదివారు. ఇంతలో మరో నలుగురు కాగితాలతో వచ్చారు. అల్లరిని ఆపడానికి వచ్చిన పోలీసులు వాళ్లను వరుసలో నిలబెట్టారు.

తర్వాతి ఎన్నికల్లో ఆయన మళ్లీ నిలబడ్డారు. చైర్మన్ కావాలంటే ముందు వార్డులో కౌన్సిలర్‌గా గెలవాలి. ఆయన ఎంచుకున్నది ఆ బస్టాండు వార్డునే. గెలుపెవరిదని డీఎస్పీ అడిగినప్పుడు, ఈసారి నాకు సందేహం లేదు. ఆ రోజు కళ్లారా చూసినదంతా వివరించి, 'సులువుగా గెలుస్తారు' అని రాశాను.

ఆయన మూడో స్థానంలో నిలిచారు. రెండుసార్లు తప్పు రాసినవాణ్ణి మళ్లీ ఏ స్టేషనుకు మారుస్తారోనని వారం రోజులు సరిగా అన్నం తినలేదు. మార్చలేదు. "ఏం విన్నావయ్యా నువ్వు?" అని మాత్రం డీఎస్పీ అడిగారు. జవాబు కోసం కృష్ణమ్మాళ్ అంగడికే వెళ్లాను.

ఆమె పూలు కట్టడం ఆపలేదు. "మంచోడే, ఏట్టయ్యా. నేను కాదన్లే. అయితే కుర్చీలో కూచున్నంక మళ్లా రోడ్డు వెడల్పు చేస్తానంటే? ఈ అంగడీ పోతే నేనెవురికి మనువిచ్చేది?"

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, పదవి దిగిన ఏ నాయకుడి గురించి రాయవలసి వచ్చినా జనాన్ని రెండు ప్రశ్నలు అడిగాను. ఆయన మంచివాడా? ఆయన మళ్లీ రావాలా? మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబును రెండోదానికి ఎన్నడూ వాడుకోలేదు.