మా స్టాఫ్‌రూమ్ మందుల అంచనా

ఇవాళ మధ్యాహ్నం మా రాజోలు స్కూలుకి ఒక సర్క్యులర్ వచ్చింది. ప్రభుత్వ ఉద్యోగులు వాడే మానసిక జబ్బుల మందుల ఖర్చు ప్రభుత్వమే భరిస్తే ఏడాదికి ఎంతవుతుందో అంచనా వేస్తారట, ఎవరేం వాడుతున్నారో పేరుతో సహా రాసివ్వాలట. అంచనాకైతే సంఖ్య చాలదూ, పేర్లెందుకు? అందరం పక్కవాళ్ల కలం వంకే చూస్తూ ‘వాడటం లేదు’ అని రాసి సంతకాలు పెట్టాం.

“మనోళ్లందరూ నిక్షేపంగా ఉన్నారండి. సర్కారుకి పైసా ఖర్చు లేదు,” అన్నారు హెడ్‌మాస్టరు గారు.

“ఆయ్, అంతేనండి,” అన్నారు తెలుగు మేష్టారు, నావైపు చూడకుండా.

మొన్న ఆదివారం సఖినేటిపల్లి రేవులో మేమిద్దరం ఒకే పడవెక్కాం. చుట్టాలింటికని ఆయన చెప్పారు, నేనూ అదే చెప్పాను. గంట తర్వాత నరసాపురంలో, మానసిక జబ్బుల డాక్టరు గారి వరండాలో, ఒకే బల్ల మీద కూర్చున్నాం.

మా స్కూలు అంచనా సున్నా. మీ ఆఫీసులో ఎంత రాశారేమిటి?