మల్లేశం సాఫ్ చేసిన మడుగు

నేను రిటైరవడానికి రెండేళ్ళ ముందు, ఎండాకాలం చివర్లో, నన్ను సూరత్ పక్కన సచిన్ అనే ఊరి వైపు పల్లెలకు క్షేత్రాధికారిగా వేశారు. మాది ఒక చిన్న ట్రస్టు. పొలంలో నీళ్ళు నిలిచే పల్లాన్ని పూడ్చకుండా పక్షులకూ చేపలకూ వదిలే రైతులకు ఏటా సాయం చేసేది. అలాంటి నేలను మా భాషలో చిత్తడినేల అంటారు. క్షేత్రాధికారి రైతును వెతికి, ఒప్పించి, ప్రతిపాదన పంపాలి. పైనుంచి పరిశీలకులు వచ్చి చూసి మంజూరు చేయాలి. మధ్యలో నాలాంటివాడు అటువాళ్ళ చేతా ఇటువాళ్ళ చేతా తిట్లు తినాలి. ఆ సంగతి నియమాల్లో రాయరు.

ఉన్ అనే ఊరు దాటాక ధన్‌సుఖ్‌భాయ్ అనే ఆసామి పొలం ఉంది. దాన్ని కౌలుకు చేసేది మా సిరిసిల్ల వైపు మనిషి, మల్లేశం. ఏళ్ళ తరబడి మరమగ్గాలు నడిపి, చెవులు మొద్దుబారాక మట్టిపనికి మళ్ళాడు. పొలం మూలన కాలువ ఊటతో ఎండల్లోనూ ఆరని మడుగు. దాన్నిండా జమ్ము, జమ్ములో నీటికోళ్ళు, ఒడ్డున నత్తలు ఏరుకునే కొంగలు. ఆసామికి అదంటే ఇష్టమే. కొడుకులు మాత్రం దగ్గర్లోని పాండేసర బట్టల మిల్లుల బూడిద పోసి పూడ్చి అద్దెగదులు కడదామని పట్టుబట్టారు. ట్రస్టు ఈసారి మంజూరు చేస్తే ఆగుతామనీ, లేకుంటే వానలకు ముందే లారీలు తెస్తామనీ తేల్చి చెప్పారు. మడుగు పోతే వరికి నీళ్ళుండవు, మల్లేశానికి కౌలూ ఉండదు.

పరిశీలకులు వచ్చే ముందురోజు ఒకసారి చూసి వద్దామని పోయాను. గట్టెక్కి చూద్దును కదా, జమ్ము లేదు. తామరాకు లేదు. గట్టుకు సున్నం చారలు కొట్టి ఉన్నాయి. మడుగు కడిగిన తొట్టిలా మెరుస్తోంది. మల్లేశం పెళ్ళికొడుకు తండ్రిలా నవ్వుతూ ఎదురొచ్చాడు.

“ఎట్లుంది సారూ? సేఠ్ ముంగట తాకా పెట్టేముందు పోగులన్ని తీస్తం గదా, గిట్లనే సాఫ్ జేసిన. ఒక్క ఐబు లేదు, సూడుండ్రి.”

తాకా అంటే మగ్గం మీంచి దిగిన బట్ట. వ్యాపారి చేతికి ఇచ్చేముందు వేలాడే పోగులు కత్తిరించి, ముళ్ళు తీసి, ఐబు అంటే లోపం ఒక్కటీ లేకుండా నున్నగా చేస్తారు. మల్లేశం చేతులు ఎరిగిన పరిశీలన అదొక్కటే. మాకు కావలసినవేమో ఆ పోగులే! కోపం రావలసిన చోట నవ్వొచ్చింది. నవ్వుతూనే నెత్తి పట్టుకున్నాను.

విషయం చెప్పేసరికి అతని మొహం వాడిపోయింది. “ఏంది సారూ, గడ్డి ఉంటెనే పాస్ జేస్తరా?” అన్నాడు. వెనకనుంచి అతని భార్య లచ్చవ్వ అందుకుంది. “నేను జెప్తె ఇన్నడా? ఆ మూలకు మాత్రం పోనియ్యలే. పిట్ట గుడ్లు పెట్టింది, కొడవలి దెస్తే కాళ్ళిరగ్గొడ్త అన్న.” నిజంగానే కాలువ వైపు మంచమంత జమ్ము మిగిలి ఉంది.

మర్నాడు పరిశీలకులకు జరిగింది జరిగినట్టే చెప్పాను. వాళ్ళ పెద్ద చిరాకుపడి, ఇక్కడ కాపాడడానికి ఏం మిగిలిందని అడిగాడు. నేను బురదలో చెయ్యి పెట్టి, కోసిన జమ్ము దుంపనొకదాన్ని తీసి చూపించాను. పచ్చిగా ఉంది, పక్కన పిలక కూడా వేసింది. అంతలో మిగిలిన జమ్ములోంచి నీటికోడి నల్లటి పిల్లలతో బయటికొచ్చి, మమ్మల్ని లెక్కచేయకుండా నడుచుకుంటూ పోయింది. ఆయన చిరాకు కాస్త దిగింది. షరతు మీద మంజూరు చేస్తానన్నాడు: మళ్ళీ చూసేదాకా మడుగులో కొడవలి దిగకూడదు. హామీ ఎవరిస్తారని అడిగాడు. మాతో వచ్చిన ధన్‌సుఖ్‌భాయ్ లచ్చవ్వ వైపు వేలు చూపించాడు. మల్లేశం తప్ప అందరం నవ్వాం.

ఆసామి కొడుకులు మాట నిలబెట్టుకున్నారు, లారీలు రాలేదు. వానల తర్వాత పోయేసరికి జమ్ము మనిషి ఎత్తు లేచింది, కొంగలు తిరిగొచ్చాయి. మంజూరు ఖాయమైంది. ఆ చిందరవందరను చూడలేక మల్లేశం మడుగుకు వీపు పెట్టి నిలబడ్డాడు.

ఆ తర్వాత ఏ రైతును కలిసినా, పథకం గురించి చెప్పేముందు అతను అంతకుముందు ఏం పని చేసేవాడో అడిగేవాణ్ణి. అధికారులొస్తున్నారంటే మనిషి తన పాత పని నేర్పిన మర్యాదే చేస్తాడు. చిత్తడినేలకు చేయవలసిన సేవ చాలావరకు చెయ్యి పెట్టకపోవడమే. కష్టపడటం అలవాటైనవాడికి అది నేర్పడమే మా ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన పని.