పధ్నాలుగో నంబరు బస్సు దారిలో ఎందుకాగేది

పధ్నాలుగో నంబరు బస్సు కండక్టరుని ఊరంతా రేడియో అనేవాళ్లు. ఆయన నోరు మూతపడగా చూసిన మనిషి ఇంకా పుట్టలేదు. అదే బస్సు డ్రైవరు ఏడాదికి పది మాటలు మాట్లాడితే అందులో ఎనిమిది "ఊఁ"లే. ఇద్దరూ పందొమ్మిదేళ్లుగా ఒకే బండి మీద ఉన్నారు. వీసమెత్తు చుట్టరికం లేకపోయినా ఒకరికొకరు బావా, బావమరిదీ.

మొదటి ట్రిప్పుకి ముందు రేడియో ఫుట్‌బోర్డు మీద నిలబడి కళ్లు మూసుకుని దేవుడికి దణ్ణం పెట్టేవాడు. ఆ దణ్ణం ఎంత పొడుగంటే, అది ముగిసేసరికి ఎక్కిన చంటిపిల్లలకి మీసాలు మొలిచేవి.

"అయిందా? ఆయనకీ వేరే పనులుంటాయిరా," అనేవాడు డ్రైవరు, అద్దంలోంచి చూస్తూ. తను మాత్రం ఎన్నడూ చేతులు జోడించి ఎరగడు.

కిందటి ఎండాకాలం డ్రైవరుకి ఓ ఇబ్బంది మొదలైంది. గంటన్నర దారిలో మూడుసార్లు ఒంటేలుకి వెళ్లాల్సి వచ్చేది. బస్సు నిండా జనం, వాళ్ల ముందు దిగాలంటే సిగ్గు. సీట్లో మెలికలు తిరిగిపోయేవాడు. రేడియో ఆ మొహం చూసి కనిపెట్టేసి విజిలు ఊదాడు.

"వెనక టైరు తేడాగా ఉంది. చూసొస్తాం, ఎవరూ దిగకండి."

ఇద్దరూ దిగేవాళ్లు. రేడియో ఇనప రాడ్డుతో టైరుని దబదబా బాదుతుంటే, డ్రైవరు గోడ చాటుకి వెళ్లొచ్చేవాడు. ఇదే రోజూ తంతు.

"ఈ టైరుకి ఏం జబ్బయ్యా?" అని ఓ టీచరమ్మ అడిగింది.

"చంటిపిల్ల లాంటిదమ్మా. అరగంటకోసారి పలకరించకపోతే ఏడుస్తుంది."

బస్సంతా నవ్వింది. డ్రైవరు పరువు నిలిచింది. ఒకసారి ఆయన, "డాక్టరుకి చూపించుకోనా?" అన్నాడు. "వయసు బావా. మా నాన్నకీ ఇంతే. నేనున్నాగా," అన్నాడు రేడియో. ఆ ధీమాతో ఏడాది గడిచిపోయింది.

ఆ తర్వాత నడుంనొప్పి పట్టుకుంది. ఓ రోజు డ్రైవరు సీట్లోంచి లేవలేకపోతే నలుగురు మోసి దింపారు. ఆస్పత్రిలో రక్తం తీశారు, పరీక్షకి కండ ముక్క తీశారు, ఎముకలన్నీ ఫొటోలు తీశారు. డాక్టరు డ్రైవరు భార్యని కూచోబెట్టి చెప్పాడు.

"ప్రోస్టేటు క్యాన్సరమ్మా. ఎముకల దాకా పాకింది. పూర్తిగా తగ్గదు. ముందు మాత్రలిచ్చి, ఆ తర్వాత మూడు నెలలకో ఇంజెక్షనుతో కొన్నాళ్లు అదుపులో పెడతాం. ఏడాది కిందట తెచ్చుంటే బాగుండేది. మాటిమాటికీ ఒంటేలుకి వెళ్తుంటే ఇన్నాళ్లూ ఎవరూ గమనించలేదా?"

అడిగింది ఆవిణ్ణి. తగిలింది మాత్రం మందుల చీటీలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ రేడియోకి.

మర్నాటి నుంచి రేడియో మూగబోయింది. దణ్ణం మానేశాడు. పధ్నాలుగో నంబరు టైముకి కదులుతోందని డిపో డిపో అంతా ముక్కున వేలేసుకుంది. రేడియో ఆస్పత్రి వైపు కన్నెత్తి చూడలేదు. పెళ్లాం చేత పళ్లు పంపించేవాడు, తిరిగొచ్చిన ఖాళీ సంచీని కూడా చేత్తో తీసుకునేవాడు కాదు.

నలభయ్యో రోజు పొద్దున్నే, డిపోలో సిబ్బంది గదికి డ్రైవరు వచ్చాడు. భార్య చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. మేకులకి వేలాడే ఖాకీ చొక్కాల కింద, కాలు విరిగిన బెంచీ మీద మెల్లిగా కూలబడ్డాడు. మనిషి సగమయ్యాడు.

"తమ్ముడూ, నిన్ను చూస్తేగానీ ఇవాళ మొదటి ఇంజెక్షనుకి రానని భీష్మించుకు కూచున్నారు," అంది ఆవిడ.

రేడియో తలెత్తలేదు. "నన్ను చూసి ఏం చేస్తావు బావా. నీ గొంతు కోసింది నేనే."

"నీకంత సీను లేదు," అన్నాడు డ్రైవరు. "సిగ్గుపడింది నేను. డాక్టరు దగ్గరికి పోకుండా కూచుంది నేను. నా తప్పులో వాటా అడక్కు."

రేడియో తల దించుకునే విజిలు తాడు వేలికి చుట్టుకున్నాడు.

"దణ్ణం మానేశావంట?"

"ఏ మొహం పెట్టుకుని అడగను బావా?"

డ్రైవరు కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "నేనెప్పుడూ ఎందుకు పెట్టలేదనుకున్నావ్? వెనకాల నువ్వు పెడుతున్నావు కదా, ఇద్దరికీ సరిపోతుందిలే అని. మొన్న ఆ స్కానింగు మిషన్లో ఒక్కణ్ణే పడుకోబెట్టారు. అడుగుదామని చూశా. 'అయ్యా, పధ్నాలుగో నంబరు డ్రైవరుని' అన్నాక ఇంకేం అనాలో తెలీలేదు. నాకు రాదురా. భయమేసింది."

పందొమ్మిదేళ్లలో ఆయన ఒక్క గుక్కలో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. ఆయన భార్య గోడ వైపు తిరిగిపోయింది.

రేడియో వచ్చి పక్కన కూచుని ఆ ఎముకల చెయ్యి పట్టుకున్నాడు. "కళ్లు మూసుకో. నేను అన్నట్టు అను." తీరా చూస్తే తనే రెండుసార్లు నోరు తెరిచి మూశాడు.

"స్టార్టవట్లేదా?" అన్నాడు డ్రైవరు కళ్లు మూసుకునే.

"నువ్వు తొయ్యి బావా."

"అయ్యా, పధ్నాలుగో నంబరు డ్రైవరుని. నా పక్కన కండక్టరున్నాడు. వీడి తప్పేం లేదు." ఆగాడు. "ఇక నువ్వందుకో."

"నొప్పి తగ్గించు తండ్రీ," అన్నాడు రేడియో ఏడుస్తూ. "మందు పనిచేసేలా చూడు. భయం తీసెయ్."

"కొన్నాళ్లు ఉంచు," అంది ఆవిడ గోడకేసి చూస్తూ.

రేడియో సెలవు చీటీ రాసిచ్చి వాళ్లతో ఆస్పత్రికి వెళ్లాడు. పొట్టలో సూది దిగుతుంటే డ్రైవరు కళ్లు గట్టిగా మూసుకుని పెదాలు కదిపాడు. ఏం అడుగుతున్నాడోనని రేడియో చెవి ఒగ్గలేదు. నర్సు మూడు నెలల తర్వాతి తేదీ రాసి చీటీ చేతికిచ్చింది. డ్రైవరు భార్య ఆ తేదీని పైకి రెండుసార్లు చదివింది. ముగ్గురూ చాలాసేపు దాని వంకే చూస్తూ నిలబడ్డారు. మడిచి జేబులో పెట్టుకోవడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.