చెన్ ఆంటీ మొదటి కప్పు

అమెరికాలోని చాండ్లర్‌లో ఎండ చల్లబడగానే చెన్ ఆంటీ ఫ్లాస్కు పట్టుకుని ఈతకొలను పక్కనున్న బెంచీ మీదికి వస్తుంది. అపార్ట్‌మెంట్లలోని తెలుగు పిల్లలంతా ఆమె కథల కోసం చుట్టూ మూగుతారు. కథకు ముందు టీ ఉండాలి. మొదటి కప్పు పెద్దవాళ్లకి, అదీ చిన్నవాళ్లు రెండు చేతులా అందించాలి; చైనాలో ఆమె పుట్టింటి పద్ధతి అది. ఇక్కడ పెద్దా తనే, పోసుకునేదీ తనే. ఒక్క గుక్క తాగి కళ్లు మూసుకుని, చందమామలో మందు నూరే కుందేలును వచ్చీరాని ఇంగ్లిష్‌లో మెల్లగా నిద్ర లేపుతుంది; ఆమె కథ ఎప్పుడూ అలాగే మొదలవుతుంది.

నిన్న ఆ పిల్లల్లోని జాహ్నవి వెంట వాళ్ల తాతయ్య వచ్చాడు. ఆయన నెరిసిన తల చూసి ఆంటీ లేచి నిలబడి, తన కప్పు ఆయనకు అందించింది. "అయ్యో, ముందు మీరు తీసుకోండమ్మా!" అంటూ ఆయన రెండు చేతులా తిరిగిచ్చాడు. మాట అర్థం కాకపోయినా ఆమెకు ఆ చేతులు అర్థమయ్యాయి. మళ్లీ ఈమె ఇచ్చింది, మళ్లీ ఆయన వెనక్కిచ్చాడు. టీ చల్లారింది, చందమామ పైకొచ్చింది.

"తాతా, స్టోరీ లేట్ అవుతుంది!" అంటూ జాహ్నవి ఆ కప్పు తాతయ్య చేతిలో పెట్టేసి, ఫ్లాస్కు వంచి ఇంకోటి నింపింది. వాళ్లిద్దరినీ చూసి నేర్చుకున్నట్టే, రెండు చేతులా ఆంటీకి అందించింది.

ఆంటీ ఒక్క గుక్క తాగి కళ్లు మూసుకుంది. పెదవులు నవ్వుతున్నాయి, రెప్పల అంచున తడి. పిల్లలు చూస్తూ కూర్చున్నారు. ఆ సాయంత్రం కుందేలును ఎవరూ నిద్ర లేపలేదు.