ఆపమంటే ఆపిన మనిషి

మా మావయ్య పోయారని చుట్టాలందరికీ ఫోన్ చేసి చెప్పింది నేనే. మా ఆయన పరవాడలో మందుల ఫ్యాక్టరీలో ఉదయం షిఫ్టులో ఉన్నాడు, లోపలికి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు. ఏడింటికి మావయ్యకి టీ గ్లాసు ఇచ్చి వంటింట్లోకి వెళ్ళాను. పోపు వేసి వచ్చేసరికి ఆయన కుర్చీలో అలాగే కూర్చుని ఉన్నారు, కానీ లేరు. మొదటి ఫోన్ ఊళ్ళో ఉన్న మా ఆడపడుచుకి చేశాను. నా గొంతు వినగానే, "ఏటమ్మా, మళ్ళీ నొప్పులేటి?" అంది. ఆవిడ తప్పేం లేదు. ఆరేళ్ళుగా మా ఇంటి నుంచి వెళ్ళే కబురంటే నా ఒంటి నొప్పుల కబురే. "కాదొదినా, మావయ్య..." అన్నాను. ఆవిడ అటు నుంచే వ్యాను మాట్లాడమని ఎవరినో కేకేసింది.

అది జరిగి ఇరవై రోజులైంది. ఇలా ఆయన గురించి రాస్తున్నానని తెలిస్తే, "నా గురించి రాయడానికేటున్నాదమ్మా? పైకెక్కేను, కూకున్నాను, దిగీసేను" అనేవారు. అది నిజమే. ఉక్కు ఫ్యాక్టరీలో ముప్పై రెండేళ్ళు క్రేను నడిపారు. కొక్కెం ఉండే మామూలు క్రేను కాదు, అయస్కాంతం క్రేను. పైకప్పు కింద పట్టాల మీద కదిలే కేబిన్లో ఈయన కూర్చుంటే, కింద గొలుసులకి బండిచక్రమంత అయస్కాంతం ఉంటుంది. స్విచ్చి వేస్తే టన్నుల కొద్దీ తుక్కు ఇనుము ఎగిరి దానికి అంటుకుంటుంది, ఆపితే కుప్పగా రాలిపోతుంది.

రిటైరైనా ఆ ఉద్యోగం ఆయన్ని వదల్లేదు. వేలాడే దేని కిందా నిలబడరు, ఎవర్నీ నిలబడనివ్వరు. గాజువాకలో మా వాటాలోకి దిగిన రోజే ఫ్యాన్ల కింద నుంచి మంచాలన్నీ గోడ వారకి జరిపించారు. ఎండాకాలం అందరం చెమటతో తడిసి ముద్దయ్యేవాళ్ళం, అయినా మంచం అంగుళం కదలనిచ్చేవారు కాదు. పెళ్ళిళ్ళలో మండపం మధ్య వేలాడే దీపాల గుత్తి చూస్తే చాలు, పళ్ళెం పట్టుకుని చివరి వరసకి వెళ్ళిపోయేవారు. "ఊడిందాకా ఏదీ ఊడదు" అనేది ఆయన మాట.

ఇక నా జబ్బు. దాని పేరు ఫైబ్రోమయాల్జియా. ఆ పేరు తెలియడానికే మూడేళ్ళు పట్టింది. పెద్ద జ్వరం తగ్గిన మర్నాడు ఒళ్ళు ఎలా ఉంటుందో నాకు ప్రతిరోజూ అలా ఉండేది. పడుకున్నా నిద్ర పట్టదు, పట్టినా లేచాక పడుకున్నట్టుండదు. రక్తం బాగుంది, ఎక్స్‌రే బాగుంది, అన్నీ నార్మల్ అనేవారు. నార్మల్ అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండేది. మా ఆయన చెడ్డవాడు కాదు గానీ, "అన్నీ బాగున్నాయన్నారుగా, సంతోషించు" అనేవాడు. బోర్డు మీద రాయడానికి చెయ్యి లేవక బడిలో ఉద్యోగం మానేశాను. దానికీ అంత బాధపడలేదు. మా అమ్మాయి బడి నుంచి పరిగెత్తుకొచ్చి మీద పడితే కేక పెట్టేదాన్ని. ఒకటి రెండుసార్లు తోసేశాను కూడా. కొన్నాళ్ళకి ఆ పిల్ల నాకు చెయ్యెడు దూరంలో ఆగి నిలబడి మాట్లాడటం నేర్చుకుంది. అప్పుడు దానికి ఆరేళ్ళు. నా పిల్ల నా మీద పడితే కేక పెట్టకుండా ఉండాలి, ఆ ఒక్కటే నాకు కావలసింది.

ఒక ఆదివారం మా ఆయన విసుగెత్తి, "ఇంతకీ నొప్పెక్కడ? ఒక్క చోటు చూపించు" అన్నాడు. చూపించలేకపోయాను. ఇక చాలన్నట్టు చెయ్యి చాచి, అరచెయ్యి కిందికి పెట్టి అటూ ఇటూ ఊపాను. పేపరు చదువుతున్న మావయ్య లేచి నిలబడ్డారు.

"ఆపరా. ఆపమంది కదా."

"నాన్నా, నాను ఊరికే అడుగుతన్నాను..."

"అడక్కు. పైన కూకున్నోడికి కింద సంగతేటి తెలుస్తాదిరా? కింద నిలబడ్డోడి సెయ్యే మనకి కన్ను. ఎత్తు, దింపు, పక్కకి జరుపు, ఇయ్యన్నీ ఒక్కడే సెప్పాల. ఆపు అని మాత్రం ఎవుడు సెయ్యి సూపినా ఆపాల. ఆఫీసరైనా, ఊడిసేవోడైనా. ఎందుకని అడగడం తరవాత. ముందు ఆపాల."

నాకు తెలీకుండానే నేను చూపింది క్రేనుకి ఆపమనే సైగట. ఆ రోజు నుంచి అది మా ఇంటి చట్టమైంది. మావయ్య మా అమ్మాయికి కూడా ఆ సైగ నేర్పారు. నా చెయ్యి అలా లేస్తే ఇంట్లో ఎవరైనా సరే చేస్తున్న పని ఆపి తీరాలి, చేస్తున్న బోధన కూడా. మా అమ్మాయి గడుగ్గాయి, కాకరకాయ కూర వడ్డించబోతే అదే సైగ చేసేది. చట్టం చట్టమే కాబట్టి మావయ్య గరిట వెనక్కి తీసుకునేవారు.

మందులతో నోరు ఎండిపోయేది, మత్తుగా ఉండేది, నొప్పి మాత్రం ఉన్నచోటే ఉండేది. అప్పుడు ద్వారకా నగర్లో ఒక డాక్టరమ్మ టీఎంఎస్ అని చెప్పింది. తల మీద తీగచుట్ట ఒకటి ఆనించి, అయస్కాంత శక్తిని క్షణంలో పుట్టించి క్షణంలో ఆపుతూ, నొప్పిని ఉన్నదానికన్నా పెంచి వినిపించే మెదడుని కాస్త దారికి తెస్తారట. కోత లేదు, మత్తు లేదు. "కొందరికి పని చేస్తుంది, కొందరికి చెయ్యదు. మొత్తం పోతుందని మాట ఇవ్వలేను" అంది. నాకు ఆ మాటే నచ్చింది. అప్పటిదాకా అందరూ మొత్తం పోతుందనే మాటిచ్చారు.

ఇంట్లో చెప్తే మా ఆయన కరెంటు షాకు అనుకుని భయపడ్డాడు. మావయ్య నా వైపు ఉంటారనుకున్నాను. ఆయనే గట్టిగా అడ్డం పడ్డారు. ఆయన కోపానికి కారణముంది. అంతకుముందు ఏడాది ఎవరో మా ఆయనకి నా నడుముకని అయస్కాంతం బెల్టు ఒకటి అంటగట్టారు. మావయ్య గుండెకి పేస్‌మేకర్ ఉంది, అయస్కాంతాల దగ్గరికి వెళ్ళకూడదు. అందుకని ఆయన గుమ్మం అవతల నిలబడి, లోపల మా అమ్మాయి చేత దానికి గుండుసూది ఆనించి చూపించారు. సూది నిలవకుండా కింద పడింది, బెల్టు ఉత్త మోసం. ఇప్పుడిదీ అలాంటిదేనని, "ముప్పై రెండేళ్ళు దాంతోటే బతికేను తల్లీ. అది ఇనుముని పట్టుకుంతాది. నొప్పినేటి పట్టుకుంతాది?" అన్నారు.

అయినా నా మొహం చూసి, డాక్టరమ్మతో తనే తేల్చుకుంటానని నన్ను వెంటబెట్టుకుని బయల్దేరారు. ఆవిడ ఆయన చెప్పిందంతా విని, "మీ క్రేనులో స్విచ్చి ఆపగానే ఏమయ్యేది పెద్దాయనా?" అని అడిగింది.

"కరెంటు ఎదురు తన్నీది. దానికి అడ్డంగా వేరే సామాను పెట్టీవోరు, నేకపోతే స్విచ్చి కాంటాక్టులు మాడిపోయీవి."

"మాకు కావలసింది ఆ తన్నే. అయస్కాంతం లాగే బలంతో మాకు పని లేదు. అది మారినప్పుడల్లా పక్కనున్న దాంట్లో చిన్న కరెంటు పుడుతుంది కదా, మెదడులో అదే పుట్టిస్తాం."

మావయ్య స్విచ్చి వేసి ఆపినట్టు టేబుల్ మీద వేలితో రెండుసార్లు కొట్టి చూసుకున్నారు. తర్వాత నా వైపు తిరిగి, "సేయించుకో తల్లీ. ఈవిడికి పని తెలుసు" అన్నారు.

వారానికి ఐదు రోజులు, నాలుగు వారాలు. మా ఆయనకి సెలవు దొరకదు కాబట్టి నాతో బస్సెక్కింది మావయ్యే. చెవులవి, జడపిన్నులు, మెడలోవి తీసెయ్యాలన్నారు. ఆడపడుచు ఫోన్లో "మెడ బోసిగా ఉంచకమ్మా" అంటే, ఆ నాలుగు వారాలూ పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టుకుని వెళ్ళాను. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు లోపలికి రాకూడదని గది తలుపు మీద రాసి ఉంది. మావయ్యకి అది అవమానంగా తోచింది. బస్సులో పక్కవాళ్ళకి కూడా చెప్పుకునేవారు, "అయస్కాంతం గదిలోకి నన్ను రానివ్వరంట, సూడండి."

మొదటిరోజు, నాకు ఎంత శక్తి పెట్టాలో కొలవడానికి తల మీద ఒక చోట టక్కుమనిపించారు. నా కుడిచేతి బొటనవేలు దానంతటదే ఎగిరింది. మరోసారి కొట్టారు, మరోసారి ఎగిరింది. నా ఒంట్లో జరిగేది పక్కవాళ్ళ కంటికి కనపడటం అదే మొదలు. బయటికొచ్చి మావయ్యకి చెప్తూ ఏడ్చాను. ఆయన ఆ వేలు ఏదో చూపించమని, చాలాసేపు చూశారు. తర్వాత మిషను నడిపే అతన్ని ఆపి, "ఇది ఎంత బరువు ఎత్తుతాది బాబూ?" అని అడిగారు. అతను ఏమీ ఎత్తదు తాతగారూ అన్నాడు. మావయ్య పాపం చాలా నిరాశపడ్డారు.

రెండు వారాలు గడిచినా ఏ తేడా లేదు. తల మీద టకటకా కొట్టే చప్పుడు ఇంటికొచ్చాక కూడా వినపడేది, పైగా తలనొప్పి. ఒక మధ్యాహ్నం ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు కోసం కూర్చుని, "ఇంక మానేద్దాం మావయ్యా" అన్నాను.

"నువ్వు ఆపమంటే ఆపీద్దాం. ఒక్కటి సెప్పు. నొప్పితోటి ఆపమంటన్నావా, కోపంతోటి ఆపమంటన్నావా? నొప్పయితే ఇక్కడితో సరి. కోపమైతే రేపొకపాలి ఎల్దాం."

కోపంతోనే అన్నాను. ఒప్పుకోవడం ఇష్టం లేక బస్సు వస్తోందేమోనని లేచి చూశాను. ఆయన రోడ్డు వైపు చూస్తూ మళ్ళీ మొదలుపెట్టారు.

"మీ అత్త కూడా ఒళ్ళంతా నొప్పులనేది. బిందె ఎత్తలేకపోయీది. బద్దకం అన్నాను. మా అమ్మ అంది, నానూ అన్నాను. పైన కేబిన్లో కూకుంటే ఊడిసేవోడి సెయ్యి సూసి టన్నులు ఆపీవోణ్ణి. ఇంటికొచ్చి దాని సెయ్యి సూడనేదు."

మా అత్తగారిని నేను ఎరగను, నా పెళ్ళికి ముందే పోయారు. ఆవిడ పనిమంతురాలు కాదని చుట్టాలు చెప్పగా విన్నానంతే. ఆవిడది కూడా నా జబ్బేనా అంటే చెప్పలేను, ఎవరూ చూపించలేదు కాబట్టి ఎవరికీ తెలీదు. మావయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. మర్నాడు ఇద్దరం మళ్ళీ వెళ్ళాం.

మూడో వారంలో, తిరుగు బస్సులో నాకు నిద్ర పట్టింది. కళ్ళు తెరిచేసరికి బస్సు ఖాళీగా కూర్మన్నపాలెంలో ఆగి ఉంది. నా తలకీ కిటికీ ఊచకీ మధ్య మావయ్య తువ్వాలు మడతపెట్టి ఉంది. ఆయన పక్కన కదలకుండా కూర్చున్నారు. నన్ను లేపమన్న కండక్టరుతో పెద్ద తగువే పడ్డారట.

"మన స్టాపు దాటిపోయిందా మావయ్యా?"

"సాలాసేపయ్యింది. పడుకున్నావు కదా" అన్నారు. ఇంటికెళ్ళాక మా ఆయన ఎందుకింత ఆలస్యమైందని అడిగితే, పరీక్ష పాసైన వాడిలా "అమ్మి నిద్రోయిందిరా" అని రెండుసార్లు చెప్పారు.

నొప్పి పోలేదు. ముందు నిద్ర వచ్చింది, ఆ తర్వాత నెమ్మదిగా నొప్పి సగానికి దిగింది. తుఫాను పట్టిన రోజుల్లో మళ్ళీ పెరుగుతుంది. కొన్ని నెలలకోసారి మళ్ళీ నాలుగైదు రోజులు వెళ్ళి కూర్చోవాలి, దానికీ మావయ్యే వచ్చేవారు. అందరికీ ఇలాగే అవుతుందని నేను చెప్పను. నాకు ఇంత అయింది, ఇంతైనా ఆయన లేకపోతే అయ్యేది కాదు. ఒక్కటి మాత్రం మారలేదు. మా అమ్మాయి అప్పటికీ చెయ్యెడు దూరంలోనే ఆగేది. "రావే, ఇప్పుడు నొప్పి లేదే" అంటే నవ్వి తప్పుకునేది. దానికి బుద్ధి తెలిసిన దగ్గర్నుంచి అలాగే గడిచింది మరి. నా మాట ఎలా నమ్ముతుంది? "తొందరపెట్టకు తల్లీ. దానికీ ఓపిక రావాల" అనేవారు మావయ్య.

ఆయన పోయిన రోజు పదిన్నరకి ఊరి నుంచి ఆడవాళ్ళు వ్యానులో వచ్చారు. మా వైపు పలకరింపంటే మాటలుండవు. గుమ్మంలోనే శోకం ఎత్తుకుని వచ్చి, ఇంటి ఆడమనిషిని వాటేసుకుని ఏడుస్తారు, ఒకరి తర్వాత ఒకరు, పొలం పని చేసిన చేతులతో. మా ఆడపడుచు నన్ను ఊపిరాడకుండా పట్టుకుంది. వెనక ఇంకో ఇద్దరు పట్టుకున్నారు. మా అమ్మాయి తాతయ్య పక్కనుంచి లేచి పరిగెత్తుకొచ్చి వాళ్ళ చీరలు పట్టి లాగడం మొదలుపెట్టింది.

"అమ్మని పట్టుకోకండి. అమ్మకి నొప్పి. ఒగ్గేయండత్తా."

"పట్టుకోనీయమ్మా" అన్నాను. "నువ్వూ రా."

అది అక్కడే నిలబడి నా మొహంలోకి చూసింది. నేను చెయ్యి చాచి, జబ్బ పట్టుకుని లోపలికి లాక్కున్నాను. నొప్పి పుట్టింది. ఆ గదిలో ఉన్న అందరికీ పుట్టిన నొప్పే. అందరి చేతుల మధ్యా దూరి, నా పదేళ్ళ పిల్ల తన బరువంతా నా మీద వేసి ఏడ్చింది, ఎంతసేపటికీ వదల్లేదు.