నాలుగు దిండ్ల తల్లి

పాప పుట్టిన కొత్తలో నాకు గొప్ప పేరొచ్చింది. బిడ్డను ఒళ్లో పెట్టుకుని, వీపు వెనక నాలుగు దిండ్లు వేసుకుని, కూర్చునే నిద్రపోయేదాన్ని. కాప్రాలో మా అమ్మావాళ్లింటికి చూడ్డానికి వచ్చినవాళ్లంతా "తల్లంటే ఇలా ఉండాలి" అని మెచ్చుకున్నారు. నిజానికి వెల్లకిలా పడుకుంటే నాకు ఊపిరాడేది కాదు. బాలింతలందరికీ ఇంతే కాబోలనుకుని వచ్చిన పేరును హాయిగా అనుభవించాను. పొగడ్త ఎవరికి చేదు?

అమ్మది భీమవరం పథ్యం. చెవుల్లో దూది, అన్నంలో వెల్లుల్లి కారం, నెయ్యి. నీళ్లు మాత్రం మందులాగా గుక్కెడు. నా కాళ్లు బూరెల్లా ఉబ్బితే, "అది బాలింత వాపే, పథ్యానికి లాగేస్తుంది" అని తేల్చేసింది. ఆవిడ పథ్యం ముందు నా నోరెప్పుడు లేచింది గనక!

ఒక ఆదివారం రెజిమెంటల్ బజార్ నుంచి మా అత్తమ్మ దిగింది. పాపను ఎత్తుకుని, దిండ్లన్నీ తీసి పక్కన పడేసి, "పోరిని నేను చూస్త గని, నువ్వు జెర పండుకో బిడ్డా" అంది. పడుకున్నాను. నీళ్లలో ముంచినట్టయి, దగ్గుతూ లేచి కూర్చున్నాను.

అత్తమ్మ నన్నూ, తన చేతుల్లోని పాపనూ మార్చి మార్చి చూసింది.

"పోరి నా చేతులల్ల ఉన్నది గద. మరి నువ్వు ఎవరి కోసం కూసున్నవ్?"

"పథ్యంలో ఉన్న పిల్లను గాలికి తిప్పకూడదు వదినగారూ" అని అమ్మ అంటున్నా వినకుండా, ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్లింది.

కాన్పుతో గుండె కండరం బలహీనపడిందనీ, రక్తాన్ని సరిగా తోయలేకపోతోందనీ, అందుకే ఊపిరితిత్తుల్లో నీరు చేరిందనీ డాక్టరమ్మ చెప్పింది. చాలామందికి కోలుకుంటుందట, కొందరికి కోలుకోదట. నాది ఏ రకమో మందులు వాడితేగాని తెలియదట. పాప నన్ను గుర్తుపట్టే వయసుదాకానైనా ఉంటానా అని భయమేసి ఏడ్చాను. అమ్మా ఏడ్చింది. ఇంతలో డాక్టరమ్మ, "ఉప్పు తగ్గించాలి, నీళ్లు కొలిచి తాగాలి" అంది. అమ్మ గబుక్కున కళ్లు తుడుచుకుని, "నీళ్ల సంగతి నేను ముందే చెప్పానా లేదా?" అని అత్తమ్మ వైపు తిరిగింది. అంత ఏడుపులోనూ నాకు నవ్వొచ్చింది.

నా గుండె నెమ్మదిగా కోలుకుంది. ఇంకో కాన్పు మాత్రం వద్దన్నారు. అది తలుచుకుంటే ఇప్పటికీ దిగులే.

పాపకిప్పుడు మూడేళ్లు. మధ్యాహ్నాలు అత్తగారింట్లో ఒక్క దిండు మీద వెల్లకిలా పడుకుంటాను, పాప నా పొట్ట మీద. అత్తమ్మ ఏదో వెతుకుతున్నట్టు గదిలోకి వస్తుంది. "ఏందీ, తల్లి ప్రేమ తగ్గినట్టుంది?" అని వెక్కిరిస్తుంది. ఆ తర్వాత, నేను నిద్రపోయాననుకుని, కాసేపు అక్కడే నిలబడి నా ఊపిరి వింటుంది. నేనూ కళ్లు తెరవను.